ఫిట్స్ కాదు, డిసోసియేటివ్ అన్నారు. ఇంట్లో ఎలా చెప్పాలి?

కొబ్బరిమట్ట
రెండేళ్లుగా ఫిట్స్ మందులు వాడుతున్నాను. పొద్దున ఐదొందల ఎంజీ, రాత్రి ఐదొందల ఎంజీ. ఎటాక్‌లు తగ్గలేదు సరికదా, కోపం మాత్రం పెరిగింది. పోయిన నెల హైదరాబాద్‌లో వీడియో ఈఈజీ (తలకి వైర్లు పెట్టి మెదడు కరెంటు గీతలు తీస్తూ, కెమెరాతో కూడా చూసే పరీక్ష) కోసం మూడు రోజులు అడ్మిట్ చేశారు. రెండో రోజు సాయంత్రం ఎటాక్ వచ్చింది. పదకొండు నిమిషాలు. కెమెరాలో అంతా రికార్డయింది, ఈఈజీలో మాత్రం ఫిట్స్ గీత ఒక్కటి కూడా లేదు. ఇది మూర్ఛ కాదు, డిసోసియేటివ్ సీజర్స్ అని డిశ్చార్జ్ కాగితంలో రాశారు, అంటే మనసు వైపు నుంచి వచ్చే ఎటాక్‌లట. పక్కన ఎఫ్ 44.5 అని ఒక నంబరు. సైకియాట్రీలో చూపించుకోమన్నారు.

డాక్టర్ గారు ఓపికగా అమ్మనీ నన్నూ కూర్చోబెట్టి వీడియో చూపించారు. మెదడులో గడ్డ లేదు, దెబ్బ లేదు, ఫిట్స్ లేవు అన్నారు. అమ్మ ఆ స్క్రీన్ వంక చూస్తూ అంతా విని అడిగిన మొదటి మాట: "అంటే ఇది కావాలని చేసిందాండీ?" ఆయన కాదమ్మా అని మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. అమ్మ తలూపింది. బస్సులో గుంటూరు దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఫిట్స్ అన్నన్నాళ్లూ నేను జబ్బుమనిషిని. నాన్న తన మంచం ఫ్యాన్ కింద నుంచి జరిపి నాకు చోటిచ్చాడు. పిన్ని రోజూ ఫోన్ చేసి మందేసుకున్నావా అని అడిగేది. ఫిట్స్ కాదు అనేసరికి అందరికీ ఒకటే అర్థమైంది, ఏమీ లేదని. ఏమీ లేకపోతే ఆ కొట్టుకోవడం ఏమిటి? నాటకం. అన్నయ్య పైకే అనేశాడు, "రెండేళ్లు మమ్మల్ని ఆస్పత్రుల చుట్టూ తిప్పావు కదే" అని.

నా కుడి అరచేతిలో ఇప్పటికీ మచ్చ ఉంది. ఎటాక్ వచ్చినప్పుడల్లా అమ్మ బీరువా తాళాలగుత్తి పెట్టి గుప్పెట బిగించేది.

పిన్నికీ బాబాయికీ, ఆఫీసులో ఇద్దరు ఫ్రెండ్స్‌కీ ఇంకా చెప్పలేదు. సంబంధాలు కూడా చూస్తున్నారు. వయసు 27. ఎవరికి చెప్పాలి, ఏ మాటలతో చెప్పాలి? ఫిట్స్ అనే ఉంచేస్తే ఏం పోతుంది?

పెళ్ళిళ్ల_పేరయ్య
ఎవరికీ చెప్పొద్దు. పెళ్లయితే అదే తగ్గిపోతుంది.

రాత్రి_బండి
వచ్చేశాడండీ. మొదటి రిప్లై నీదే అవ్వాలని మొక్కుకున్నావా పేరయ్యా?

ఈఈజీ_గది
పదేళ్లుగా ఈఈజీ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. డాక్టర్‌ని కాను, గదిలో చూసిందే చెబుతాను.

మీలాంటి కేసు అరుదేం కాదు. పెద్ద సెంటర్లలో మందులకి లొంగని ఫిట్స్ అని వీడియో ఈఈజీకి పంపే వాళ్లలో నూటికి ఇరవై ముప్పై మందికి తేలేది ఇదే. మూర్ఛ ఎటాక్ మామూలుగా రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతుంది, ఆ టైంలో కళ్లు తెరిచే ఉంటాయి. ఇందులో కళ్లు గట్టిగా మూసుకుంటారు, తల అటూ ఇటూ కొట్టుకుంటుంది, ఆగి ఆగి చాలాసేపు నడుస్తుంది. కానీ బయటి నుంచి చూసి తేల్చేది కాదు, అందుకే కెమెరా, వైర్లు కలిపి పెడతారు.

మీ అన్నయ్య మాటకి జవాబు మీ కాగితంలోనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పుస్తకంలో ఎఫ్ 44.5 అంటే జబ్బు. కావాలని నటించే వాళ్లకి అదే పుస్తకంలో వేరే నంబరుంది, జెడ్ 76.5. డాక్టర్ ఆ రెండో నంబరు రాయలేదు.

ఇంకో రెండు మాటలు. మందు మీ అంతట మీరు ఆపొద్దు, కొందరికి రెండూ కలిసి ఉంటాయి, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. తాళాలు మూర్ఛకైనా దీనికైనా పనికిరావు. పక్కకి ఒత్తిగిలించి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, పక్కనే కూర్చుంటే చాలు. బలంగా పట్టుకోకూడదు.

కొబ్బరిమట్ట
జెడ్ నంబరు సంగతి నాకు తెలియదు. అది చదివి కాసేపు ఏడ్చాను. అన్నయ్యకి స్క్రీన్‌షాట్ పెట్టేయనా?

అన్నట్టు మీ గది మీద నాకు కోపం. ఆ పేస్టు జుట్టులోంచి పోవడానికి మూడుసార్లు తలంటుకోవాల్సి వచ్చింది.

ఈఈజీ_గది
పేస్టుకి క్షమాపణలు. ముందు కొబ్బరినూనె రాసి గోరువెచ్చటి నీళ్లతో కడిగితే పోతుంది. ఇది అందరికీ చెబుతాను, ఎవరూ వినరు.

గోదారి_గట్టు
స్క్రీన్‌షాట్ వద్దు. నేను ఆ తప్పు చేశాను. మా ఫ్యామిలీ గ్రూపులో రెండు ఆర్టికల్స్, ఒక యూట్యూబ్ లింకు పెట్టాను. పెదనాన్న దండం బొమ్మ పెట్టాడు. దాని కింద అత్త గుడ్ మార్నింగ్ గులాబీ. అంతే, నా జబ్బు గులాబీ కింద పడిపోయింది.

గ్రూపులో చెప్పడమంటే ఎవరికీ చెప్పకపోవడమే. ఒక్కొక్కరికీ విడిగా, ఎదురుగా కూర్చుని చెప్పండి.

డాలస్_బాబాయి
నాది ఇదే కుటుంబంలో వేరే శాఖ. డీపర్సనలైజేషన్. 2016లో ఎమ్మెస్ చదువుతూ ఉండగా మొదలైంది. గడ్డం గీసుకుంటుంటే, గీస్తున్న చెయ్యి నాది కాదనిపించేది. అద్దంలో ఉన్నవాడు తెలిసినవాడే, కానీ నేను కాదు. పిచ్చెక్కిందేమో అని భయం. పిచ్చి కాదని తెలియడమే ఇందులో లక్షణమట, అది నాలుగో డాక్టర్ చెప్పింది.

రూమ్మేట్‌కి చెబితే "అది అద్వైతం రా, జనం దానికోసం హిమాలయాలకి వెళ్తారు" అన్నాడు. అమ్మకి వీడియో కాల్‌లో చెబితే దిష్టి అంది. విజయవాడలో నా ఫోటోకి ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదట, కాబట్టి దిష్టే అని తీర్మానం. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, కానీ ఆ రాత్రి ఎందుకో నిద్ర పట్టింది.

నా అనుభవంలో జబ్బు పేరు చెబితే ఎవరికీ ఎక్కలేదు. పని చెబితే ఎక్కింది. "నేను మాట్లాడుతూ సడన్‌గా ఆగిపోతే, భుజం తట్టి నా పేరు పిలువు, చేతికి చల్లటి డబ్బా ఏదైనా ఇవ్వు" అని రూమ్మేట్‌కి చెప్పాను. ఆ రోజు నుంచి వాడు ఫ్రిజ్‌లో నా కోసం ఒక కోక్ డబ్బా తాగకుండా ఉంచేవాడు. వాడు నా విషయంలో చేసిన అతి పెద్ద త్యాగం అదే.

మూడో_ఫేజు
వృత్తి కరెంటు పని. డాలస్ బాబాయి చెప్పింది బాగుంది కానీ ముందు "ఎందుకొస్తుంది" అని అడుగుతారు కదా. మా ఆవిడ చెల్లెలికి ఇదే. నేను మా మామగారికి ఇలా చెప్పాను: వైరు కాలిపోలేదు, లోడు ఎక్కువై ఎంసీబీ (దానంతట అదే పడిపోయే స్విచ్చి) ట్రిప్ అవుతోంది. ట్రిప్ అవడం నాటకం కాదు, ఇల్లు కాలిపోకుండా అది చేసే పని. ఆయనకి ఒక్క నిమిషంలో అర్థమైంది.

చింతచిగురు
ఆ ఎంసీబీ కథే మా నాన్నకి చెప్పాను. "అయితే లోడు తగ్గించాలి" అని ఉద్యోగం మాన్పించాడు. నా లోడు ఉద్యోగం కాదు, ఇల్లు. ఇప్పుడు ఇరవై నాలుగ్గంటలూ ఆ లోడు కిందే ఉన్నాను.

మూడో_ఫేజు
అయ్యో. దానికి నా దగ్గర స్పేర్ పార్ట్ లేదమ్మా.

రాత్రి_బండి
హైదరాబాద్‌లో చెబితే ఇంకో సలహా వస్తుంది, ఆఫ్ చేసి ఆన్ చేసి చూడు అని.

హారతి_పళ్ళెం
మీరంతా చదువుకున్నవాళ్లు, కాదనను. కానీ మా ఊళ్లో ఒకాయన తాయెత్తు కట్టాడు, మా ఆడపడుచుకి ఆరు నెలల నుంచి ఒక్కసారి కూడా రాలేదు. గాలి సోకడం అనేది ఒకటుంది. అడ్రస్ కావాలంటే ఇస్తాను.

రాత్రి_బండి
తాయెత్తు ఎంత?

హారతి_పళ్ళెం
పదకొండు వందలు. కోడి వేరే.

వంశధార_మాస్టారు
హారతి గారిని వెక్కిరించకండి. శ్రీకాకుళం జిల్లాలో 34 ఏళ్లు పంతులుగా చేసి రిటైరయ్యాను. 90ల్లో మా హాస్టల్లో ఎనిమిదో తరగతి ఆడపిల్లలు పరీక్షల ముందు ఒకరి తర్వాత ఒకరు పడిపోయారు. ఏడుగురు. వార్డెన్ గుడి దగ్గరి చింతచెట్టు కారణమంది. భూతవైద్యుడొచ్చి వేపమండలతో కొట్టాడు. మొదటి పిల్లకి తగ్గింది, మూడో పిల్ల వీపు వాచింది. అప్పుడు పీహెచ్‌సీ డాక్టరొచ్చి పిల్లల్ని విడివిడి గదుల్లో పడుకోబెట్టి, ఒక్కొక్కరితో మాట్లాడాడు. ఒక పిల్లకి మేనమామతో పెళ్లి కుదిర్చారట, దసరాకి చదువు మాన్పిస్తారట. చింతచెట్టు కాదు, అదీ సంగతి. మిగతా వాళ్లు ఆ పిల్ల స్నేహితులు.

కొందరికి తాయెత్తుతో తగ్గడం అబద్ధం కాదు. నలుగురూ చేరి, ఈ పిల్లకి కష్టముంది అని ఒప్పుకోవడమే సగం మందు. కానీ కష్టం ఏమిటో ఎవరూ అడగరు, అందుకే మళ్ళీ వస్తుంది.

పూనకం కూడా అంతా జబ్బు కాదు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు రంగం అనే తంతులో పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే ఆమెని ఎవరూ ఆస్పత్రికి తీసుకెళ్లరు, అవసరం లేదు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో పెట్టిన కొత్త జాబితాలోనూ ఆ తేడా రాశారు. ఆచారంలో భాగంగా వచ్చేది రోగం కాదు, మనిషి ఇష్టం లేకుండా వచ్చి బతుకుని పాడుచేసేదే రోగం. మీ అమ్మగారికి ఆ పూనకం పోలికతో చెప్పి చూడండి. పూనకం వచ్చినామెని నాటకం అంటుందా ఆవిడ?

హారతి_పళ్ళెం
మాస్టారూ, మా ఆడపడుచుకి కష్టముంది. అది ఇక్కడ రాయలేను.

వంశధార_మాస్టారు
రాయొద్దమ్మా. ఆ అమ్మాయిని అడుగు చాలు.

కృష్ణాతరంగం
మాస్టారి పోస్టు బాగుంది కానీ ఆ సలహాతో విభేదిస్తున్నాను. పూనకం అని పోల్చితే మా అత్తగారు నిజంగానే నాకు పసుపు నీళ్లు పోసి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. మా మరిది ఉద్యోగం ఎప్పుడొస్తుందని. నాకు తెలిస్తే ముందు నా ప్రమోషన్ సంగతి చెప్పుకోనా?

మూడో_ఫేజు
వచ్చిందా ఉద్యోగం?

కృష్ణాతరంగం
రాలేదు. నా మీద గురి కూడా పోయింది.

తుంగభద్ర
మొగుడి వైపు నుంచి రాస్తున్నాను. నా భార్యకి ఇదే, నాలుగేళ్లు. మొదటి ఏడాది నేను చేసినవి ఇక్కడ రాయాలంటే సిగ్గుగా ఉంది. మొహాన నీళ్లు కొట్టాను, అరిచాను, ఒకసారి తలుపు గడియ పెట్టి బయట కూర్చున్నాను, చూసేవాళ్లు లేకపోతే అదే లేస్తుంది అని. ఒకసారి పాలు కాస్తూ పడిపోయింది. గిన్నె చేతి మీద ఒలికింది. మోచేయి దాకా బొబ్బలు. నాటకానికి ఎవరూ చెయ్యి కాల్చుకోరు అని ఆ రోజు నా మట్టిబుర్రకి తట్టింది. అది నాకు మరిచిపోయే మాట కాదు, ఇప్పటికీ ఆ గిన్నె మా ఇంట్లోనే ఉంది, నేనే తోముతాను.

మా అమ్మకి తను చెప్పలేదు, నేను చెప్పాను. కోడలు చెబితే సాకు, కొడుకు చెబితే జబ్బు. న్యాయం కాదు, నాకు తెలుసు. కానీ పని జరిగింది. కొబ్బరిమట్ట గారూ, మీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్లని ముందు పట్టుకోండి. డాక్టర్ దగ్గరికి మళ్ళీ వెళ్లేటప్పుడు అమ్మని కాదు, వాళ్లని తీసుకెళ్లండి.

చింతచిగురు
తుంగభద్ర గారూ, మీ మంచితనానికి దండం. కానీ అంటే ఏమిటి, నా జబ్బు నిజమని చెప్పడానికి ఒక మగాడి సంతకం కావాలా? గెజిటెడ్ ఆఫీసర్ అటెస్టేషన్ లాగా?

తుంగభద్ర
కాకూడదమ్మా. కావలసి వచ్చింది.

నాలుగో_కిటికీ
ఇక్కడ ఎప్పుడూ చదవడమే, రాయడం మొదటిసారి. నాది డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్, అంటే ఒకే మనిషిలో వేరువేరు మనుషులున్నట్టు ఉండే జబ్బు. పేరు వినగానే మీ అందరికీ 2005 నాటి రెండు సినిమాలు, చంద్రముఖి, అపరిచితుడు, గుర్తొచ్చి ఉంటాయి, ఫర్వాలేదు, అందరికీ అవే గుర్తొస్తాయి. నేను గంగలా నగలు పెట్టుకుని డాన్స్ చేయను, ఎవరినీ నూనెలో వేయించను. నాకు గురువారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం పొద్దుటి దాకా ఏం చేశానో గుర్తుండదు. ఫ్రిజ్‌లో నేను కొనని పెరుగు ప్యాకెట్ ఉంటుంది. నా రాతలో లేని సరుకుల చిట్టీ ఉంటుంది. అంతే, ఇంత చప్పగా ఉంటుంది.

ఎవరూ రాయని ఒక మాట చెప్పాలి. జబ్బు పేరు చెప్పగానే మనవాళ్లు అడిగే రెండో ప్రశ్న "ఎందుకొచ్చింది, ఏం జరిగింది?" నా విషయంలో ఆ కారణం మా ఇంట్లోనే భోజనానికి కూర్చుని, నాకు ఇంకో గరిటె పప్పు వెయ్యమంటుంది. అందుకని నేను రెండిటినీ విడగొట్టుకున్నాను. జబ్బు చెప్పడం వేరు, కారణం చెప్పడం వేరు. మొదటిది మా అక్కకి చెప్పాను. రెండోది థెరపిస్టుకి మాత్రమే. అక్క అడిగితే "అది ఇప్పుడు కాదక్కా" అన్నాను. మూడుసార్లు అడిగింది, నాలుగోసారి అడగలేదు. ఒకరోజు తనే నా ప్లేటు తీసుకెళ్లి గదిలో పెట్టింది. ఇప్పుడు నేను అక్కడ భోంచేస్తాను.

అందరికీ ఇలాంటి కారణం ఉంటుందని కాదు. కొందరికి ఏమీ దొరకదు. దొరకకపోయినా జబ్బు జబ్బే.

గోదారి_గట్టు
కిటికీ గారూ, రాసినందుకు థాంక్స్. ఏం అనాలో తెలియడం లేదు.

నాలుగో_కిటికీ
ఏమీ అనక్కర్లేదు. పెరుగు సంగతి నవ్వొచ్చేదే, నవ్వచ్చు.

రాత్రి_బండి
ఫుల్ క్రీమా, టోన్డా?

నాలుగో_కిటికీ
ఫుల్ క్రీమ్. నేను డైటింగ్‌లో ఉన్నాను. ఆవిడ లేదు.

కొబ్బరిమట్ట
పొద్దుటి నుంచి అందరివీ చదువుతూ కూర్చున్నాను. నా విషయంలో పెద్ద కారణం ఏదీ లేదనుకునేదాన్ని. సంబంధాలు మొదలైనప్పుడే ఎటాక్‌లు మొదలయ్యాయని ఇప్పుడే లెక్కేసుకున్నాను. అది అమ్మకి చెబితే నిజంగానే నాటకం అంటుంది. సరే, సంబంధాల సంగతి ఎవరూ చెప్పలేదు.

పెళ్ళిళ్ల_పేరయ్య
నేను మొదట్లోనే చెప్పాను కదండీ. పెళ్లికొడుకు వాళ్లకి చెబితే ఊరంతా పాకుతుంది. మా చెల్లికి థైరాయిడ్ అని చెబితేనే రెండు సంబంధాలు పోయాయి. జోక్ చేయడం లేదు, బాధతోనే చెబుతున్నా.

కృష్ణాతరంగం
నేను రెండోసారి కలిసినప్పుడు, హోటల్లో, ఇంకా ఆర్డర్ రాకముందే చెప్పాను. మొదటి అబ్బాయి ఇడ్లీ పార్సిల్ కట్టించుకుని వెళ్లిపోయాడు. రెండో అబ్బాయి "ఆ టైంలో నేనేం చెయ్యాలి" అని అడిగి, ఫోన్‌లో నోట్ చేసుకున్నాడు. ఆయన్నే చేసుకున్నాను. అత్తగారికి చెప్పొద్దన్నాడు. అది నేను ఒప్పుకోవడం తప్పు. ఆవిడకి ఏడాది తర్వాత నేను పడిపోయినప్పుడు తెలిసింది, ఇప్పటికీ దెప్పుతుంది. పసుపు నీళ్ల కథ ఆ తర్వాతే.

నల్లకోటు
లాయర్‌గా నాలుగు మాటలు. హిందూ వివాహ చట్టం 1955లో మూర్ఛ కూడా పెళ్లికి అడ్డంకిగా ఉండేది, 1999లో తీసేశారు. కాబట్టి "ఫిట్స్ అనే ఉంచేస్తే" ఆ పేరు వల్ల చట్టంలో పెళ్లికి అడ్డేమీ లేదు, కానీ అది అబద్ధం. ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించారని రుజువైతే 12వ సెక్షన్ కింద పెళ్లి రద్దుకి కోర్టుకెళ్లొచ్చు, మోసం తెలిసిన ఏడాదిలోపు. మీ జబ్బు అలాంటి విషయమా కాదా అన్నది కోర్టు చూసుకుంటుంది, కానీ ఆ వాదన జరిగే హాల్లో మీరు కూర్చోవడం నాకిష్టం లేదు. అబ్బాయికి ముందే చెప్పండి. వాట్సాప్ మెసేజ్‌గా కూడా ఒకటి ఉంచుకోండి. అన్‌రొమాంటిక్ అనకండి.

ఆఫీసులో చెప్పాల్సిన పని లేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వైద్యం చేసేవాళ్లది. మామూలు జబ్బులకి ఇచ్చినట్టే మానసిక వైద్యానికీ బీమా ఇవ్వాలని కూడా అందులో ఉంది. క్లెయిమ్ తిరగ్గొడితే 21వ సెక్షన్ చూపించండి. బండి నడుపుతుంటే మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఎక్కొద్దు, లైసెన్స్ ఫారంలోనే స్పృహ తప్పుతుందా అని అడుగుతారు.

పెళ్ళిళ్ల_పేరయ్య
ఏడాది సంగతి నాకు తెలియదు. మా చెల్లి విషయంలో ఇప్పుడు ముందే చెబుతున్నాం. థైరాయిడే.

డాలస్_బాబాయి
పేరయ్య మారాడు. థ్రెడ్‌కి తేదీ వేసి దాచుకోండి.

ఈఈజీ_గది
ఇంకో చిన్న విషయం. ఇదే జబ్బుని ఫంక్షనల్ సీజర్స్ అని కూడా రాస్తారు, పాత కాగితాల్లో కన్వర్షన్, సూడో సీజర్స్ అని ఉంటుంది. మీ వాళ్లు గూగుల్ చేసి నాలుగు పేర్లు చూసి నాలుగు జబ్బులనుకుంటారు. హిస్టీరియా అన్న పేరు ఎవరైనా ఎత్తితే, అమెరికా వాళ్ల మానసిక జబ్బుల పుస్తకంలోంచి అది 1980లోనే పోయిందని చెప్పండి. సూడో (ఉత్తుత్తి) అన్న మాట వల్లే సగం ఇళ్లలో ఈ "దొంగ" గొడవ వచ్చింది.

చింతచిగురు
ఇంట్లో మాట్లాడే మనిషి లేనివాళ్లకి: టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14416. ఫ్రీ, రాత్రిళ్లు కూడా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నట్టు చేసి మాట్లాడతాను. ఎంతసేపు ఆరేస్తావే అని అడిగింది అమ్మ ఒకసారి.

కొబ్బరిమట్ట
పదహారు రోజుల తర్వాత మళ్ళీ వచ్చాను. ఎవరైనా ఉన్నారా?

రాత్రి_బండి
ఉన్నాం. రాత్రి బండి కదా.

కొబ్బరిమట్ట
సంక్రాంతికి ఊరెళ్లాను. ముందు నాన్నకి చెబుదామనుకున్నాను, తుంగభద్ర గారు అన్నట్టు మా ఇంట్లో చెల్లేది ఆయన మాటే. ఇంట్లో కుదరదు, ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. పొద్దున్నే మిర్చి చేనుకి నీళ్లు పెట్టడానికి వెళ్తుంటే వెనకాల వెళ్లాను. మోటారు షెడ్డులో స్టార్టర్ ట్రిప్ అయి ఉంది. నాకు మూడో ఫేజు గారు గుర్తొచ్చారు. ఎంసీబీ బదులు ఆ స్టార్టర్ చూపించి చెప్పాను. మోటారు కాలిపోలేదు నాన్నా, లోడు పడినప్పుడు ఇది పడిపోతుంది, నాకూ అంతే, నేను పడేయడం లేదు, అదే పడుతుంది.

నాన్న చాలాసేపు ఆ డబ్బా వంక చూశాడు. తర్వాత "మరి నీకు రీసెట్ బటన్ ఎక్కడుందమ్మా?" అన్నాడు. నేను చెప్పలేకపోయాను. ఇద్దరం నవ్వాం. రెండేళ్లలో ఆయన నా ముందు నవ్వడం అదే మొదటిసారి అనుకుంటా. తర్వాత "సంబంధాలు కొన్నాళ్లు ఆపమని మీ అమ్మతో నేను చెబుతాలే" అన్నాడు. నేను ఆ మాట ఎత్తనే లేదు, ఒట్టు. లోడు ఎక్కడుందో ఆయనే కనిపెట్టాడు.

అన్నయ్య మారలేదు. భోగి మంట దగ్గర బావమరిదితో "మా చెల్లెలికి సైకాలజీ జబ్బట" అని నవ్వుతున్నాడు. జెడ్ నంబరు చెప్పాను. "నంబర్లదేముంది" అన్నాడు. వదిలేశాను.

ఆఫీసులో ఇద్దరిలో ఒకమ్మాయికి చెప్పాను. నా మంచికే అనుకుని టీమ్ లీడ్‌కి చెప్పింది. ఇప్పుడు నన్ను నైట్ షిఫ్ట్ నుంచి తీసేశారు. నాకు ఆ అలవెన్స్ కావాలి. ఎవరికీ చెప్పొద్దు అన్న మాట నేను పైకి అనలేదు, అనక్కర్లేదనుకున్నాను. మీరు చెప్పేటప్పుడు ఆ మాట కూడా చెప్పండి.

గోదారి_గట్టు
షిఫ్ట్ సంగతి హెచ్‌ఆర్‌తో మాట్లాడండి, నల్లకోటు గారు దారి చెబుతారు. అమ్మ సంగతేంటి?

కొబ్బరిమట్ట
అమ్మకి నాన్న ఏం చెప్పాడో తెలియదు. కనుమ రోజు మధ్యాహ్నం ఎటాక్ వచ్చింది. మెలకువ వచ్చేసరికి చాప మీద పక్కకి ఒత్తిగిలి ఉన్నాను, తల కింద అమ్మ పాత చీర మడతపెట్టి ఉంది. చేతిలో తాళాలు లేవు. బీరువాకే వేలాడుతున్నాయి, అక్కడి నుంచి కనిపిస్తున్నాయి.

అమ్మ పక్కనే కూర్చుంది. చేతిలో సగం కోసిన ఉల్లిపాయ. ముక్కు దగ్గర పెట్టి ఉంది.

ఈఈజీ_గది
ఉల్లిపాయతో లాభం లేదు, పెద్ద నష్టమూ లేదు. తాళాలకన్నా నయం.

మూడో_ఫేజు
రీసెట్ బటన్ దొరికిందన్నమాట.

కొబ్బరిమట్ట
దొరకలేదండీ, దానంతట అదే ఆగింది. ఆ ఉల్లిపాయ మాత్రం వృథా పోలేదు, సాయంత్రం పులుసులో వేసింది.